నిమ్మాడలో కూసిన ఎర్ర గిటారు

మూడో పాట పల్లవి దాటకముందే గిటారు కూసింది. మొదట అడుగున ఎక్కడో బొంగురుగా మొదలైంది. హేమలత తీగల మీద అరచెయ్యి వేసి నొక్కేలోపే అది పెద్ద ఊళగా లేచి స్పీకరు పెట్టెలన్నీ నిండిపోయింది. ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎవరి ఒళ్ళోనో నిద్రపోతున్న పిల్ల లేచి ఏడ్చింది.

ఆమె వాల్యూమ్ తగ్గించింది. ఊళ ఆగింది. పాటకి సరిపడా పెంచగానే మళ్ళీ మొదలైంది.

అది నిమ్మాడలో అమ్మవారి సంబరం. రెండువేల నాలుగు, ఏప్రిల్ ఆఖరు. పలాస నుంచి వచ్చిన ఉదయరాగం ఆర్కెస్ట్రాని వినడానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. పొద్దుగూకి గంటయినా కాలేదు. ఆర్కెస్ట్రా యజమాని, పెద్ద గాయకుడు అయిన త్రినాథరావు పాట ఆపేసి, మైకు పట్టుకుని ముందుకొచ్చాడు.

"అమ్మలూ, అయ్యలూ, ఏటీ అనుకోకండి. మా లేడీ గిటారిస్టుకి కొత్త గిటారు ఇంకా అలవాటవనేదు. ఆడపిల్ల సెయ్యి గదా. కొత్త గేదె కాడికెల్తే తన్నదేటి మరి?"

జనం గొల్లుమన్నారు. త్రినాథరావు నవ్వుతూనే వెనక్కి వచ్చి, మైకు పక్కకి పెట్టి, ఆమె చెవి దగ్గర గొంతు తగ్గించాడు.

"గిటారు వైరు జాకు పీకీసి ఊరికే పట్టుకుని నిలబడు. శ్రీకాంతు కీబోర్డులో ఆ సౌండు వాయించీస్తాడు. పోస్టర్లో నీ బొమ్మ ఉంది. దిగిపోతే బాగోదు."

గంటన్నర సేపు హేమలత అలాగే నిలబడింది. చచ్చిపోయిన తీగల మీద వేళ్ళు కదిపింది. ఒక పాట మధ్యలో గిటారు ముక్క వచ్చింది. కీబోర్డు మీద శ్రీకాంత్ దాన్ని వాయించాడు. జనం ఆమెకేసి చూసి చప్పట్లు కొట్టారు. నవ్వినప్పుడు పుట్టిన కోపం ఒక ఎత్తు. ఆ చప్పట్లకి పుట్టిన కోపం ఇంకో ఎత్తు. నవ్వినవాళ్ళని తిట్టుకోవచ్చు. చప్పట్లు కొట్టినవాళ్ళని ఏమనగలదు?

హేమలత నాన్న రమణమూర్తి పలాస రైల్వేలో గుమస్తా. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఖరగ్‌పూర్‌లో ఉండగా, అక్కడి రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు దగ్గర గిటారు నేర్చుకున్నాడు. పలాస వచ్చాక క్వార్టర్ వరండాలో కూర్చుని కూతురికి నేర్పాడు. ఎందుకు నేర్పావని బంధువులు అడిగితే, అడిగింది కాబట్టి అనేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది. హేమలత కాశీబుగ్గలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. వయసు ఇరవై ఎనిమిది. ఇంట్లో ఆమె, అమ్మ సూర్యకాంతం. సెలవు రోజుల్లో, పెళ్ళిళ్ళ సీజన్లో ఆర్కెస్ట్రాతో వెళ్ళేది. త్రినాథరావు నాన్న స్నేహితుడు కాబట్టి ఆయన్ని బాబాయ్ అని పిలిచేది.

నాన్న గిటారుకి మామూలు చెక్క ఒళ్ళు. దానికి పైన, తీగల చప్పుడు స్పీకరుకి అందించే పికప్ ఒకటి అంటించి ఇన్నాళ్ళూ లాక్కొచ్చింది. కిందటి వానాకాలం ఉప్పుగాలికి జిగురు వదిలి, తీగలు కట్టిన బ్రిడ్జి పైచెక్కతో సహా ఊడి వచ్చేసింది. అప్పుడు త్రినాథరావే అన్నాడు, ఆర్కెస్ట్రా పార్టీ తరఫున కరెంటు గిటారు కొందామని. హేమలత సంబరపడింది. ఏది కావాలో ఆమెకి బాగా తెలుసు. దాన్ని సెమీ హాలో అంటారు. పైచెక్కకి రెండు పక్కలా వయొలిన్‌కి ఉన్నట్టు వంపు తిరిగిన కంతలుంటాయి. లోపల రెండు రెక్కలూ డొల్ల. నడుమ మాత్రం మెడ మొదలు నుంచి అడుగు దాకా గట్టి చెక్క దిమ్మ ఉంటుంది. డొల్ల వల్ల స్వరం గుండ్రంగా మెత్తగా వస్తుంది. దిమ్మ వల్ల స్పీకరు చప్పుడుకి చెక్క అదరదు, స్టేజి మీద పెద్ద స్పీకర్ల ముందు నిలబడినా కూయదు. చవకరకం చైనావి విశాఖపట్నంలో దొరుకుతున్నాయని విన్నది. ఏమేమి చూసి కొనాలో కాగితం మీద పదకొండు వరసలు రాసి ఇచ్చింది.

"నేనూ వస్తాను బాబాయ్" అని కూడా అడిగింది.

"నువ్వెందుకమ్మా బస్సుల్లో పడి. అది నాకు తెలిసిన కొట్టే" అన్నాడు త్రినాథరావు, కాగితం మడిచి జేబులో పెట్టుకుని.

ఆయన తెచ్చింది కుంకుమలా ఎర్రగా, అంచులకి బంగారు రంగు గీతతో, అద్దంలా మెరుస్తున్న గిటారు. సంబరానికి ముందురోజు సాయంత్రం ఇచ్చాడు. ఇంట్లో చిన్న స్పీకరు పెట్టెకి తగిలించి వాయిస్తే ఏ తేడా తెలియలేదు.

నిమ్మాడ నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే హేమలత ఆ గిటారు పట్టుకుని కూర్మారావు కొట్టుకి వెళ్ళింది. కూర్మారావు కాశీబుగ్గలో మైకుసెట్టు నడుపుతాడు. ఆర్కెస్ట్రాకి సౌండు అతనిదే. సొంత ఊరు కంచిలి దగ్గర. ఇంటికి కొబ్బరితోట, జీడితోట ఉన్నా అతనికి చిన్నప్పట్నుంచీ వైర్లే పిచ్చి.

"నా సెట్టు తప్పేమో అనుకున్నాను పంతులమ్మా" అన్నాడు. "పొద్దున్నే అన్నీ విప్పి సూసినాను. నాది కాదు."

"నాదీ కాదు. ఇది చూడు" అని ఆమె గిటారు బల్ల మీద పడుకోబెట్టింది.

కూర్మారావు కొబ్బరికాయని కొట్టి చూసినట్టు వేలి ముడితో పైచెక్క మీద కొట్టాడు. పక్కన ఖంగుమంది. నడుమ కొట్టాడు. అక్కడా ఖంగుమంది. బ్రిడ్జికి కిందా పైనా నాలుగుచోట్ల కొట్టాడు.

"అంతా ఒక్కలాగే మోగుతోంది. మద్దెన గట్టిగుండాలన్నావు గదా?"

హేమలత సంచిలోంచి నాన్న గడ్డం గీసుకునే చిన్న అద్దం తీసింది. కూర్మారావు టార్చి పట్టుకున్నాడు. ఒక కంతలో వెలుగు కొట్టి, రెండో కంతలోంచి అద్దంతో చూసింది. వెలుగు అడ్డం లేకుండా ఈ పక్క నుంచి ఆ పక్కకి వచ్చేసింది. లోపల దిమ్మ లేదు. పైచెక్క వంగిపోకుండా పుల్లలాంటి రెండు బద్దీలు, అంతే. ఇంట్లో కూర్చుని వాయించుకోవడానికి చేసిన వాయిద్యం అది.

"ఏటుంది?" అన్నాడు కూర్మారావు.

"ఏమీ లేదు" అంది హేమలత. "లోపల ఏమీ లేదు."

అక్కణ్ణుంచి నేరుగా త్రినాథరావు నడిపే ప్రింటింగ్ ప్రెస్‌కి వెళ్ళింది. ఆయన వచ్చే నెల టెక్కలి కార్యక్రమానికి పోస్టర్లు వేయిస్తున్నాడు. పచ్చి రంగు వాసన కొడుతోంది. పోస్టర్ నడుమ హేమలత ఫోటో, కింద పెద్ద అక్షరాలతో 'లేడీ గిటారిస్ట్ హేమలత' అని ఉంది. గిటారుకి మాత్రం ఎర్రరంగు పూశారు.

"బాబాయ్, ఇది సెమీ హాలో కాదు. లోపల దిమ్మ లేదు. అందుకే కూసింది."

త్రినాథరావు సొరుగులోంచి బిల్లు తీసి ముందు పడేశాడు. "సదువు. ఏటని రాసుంది? సెమీ హాలో అని రాసుందా నేదా?"

"బిల్లులో రాస్తే లోపల దిమ్మ మొలుస్తుందా?"

"సూడమ్మాయ్, ఒక్క రోజు కూసిందని ఇంత గొడవెందుకు. శ్రీకాంతు ఉన్నాడు. ఇప్పుడన్ని పార్టీల్లోనూ కీబోర్డే. గిటారు సౌండు, వీణ సౌండు, అన్నీ అందలోనే ఉన్నాయి. నీకు రావలసింది నీకొత్తాది. పట్టుకుని నిలబడ్డానికి కష్టమేటి?"

"మైకులో నన్ను అన్నారు. చెయ్యి అలవాటు లేదని అన్నారు."

"జనాన్ని నవ్వించకపోతే రాళ్ళేత్తారు. ఏదో ఒకటి అనాల గదా. మీ నాన్నయితే ఇలాగ పట్టుకోడు. పెద్ద మనసు."

హేమలత గిటారుని పోస్టర్ల కట్ట మీద పెట్టింది. తడి రంగు దాని అడుగున అంటుకుందేమో చూడలేదు. "మా నాన్న పేరు ఎత్తకండి త్రినాథరావు గారూ" అని బయటికి వచ్చేసింది. బాబాయ్ అన్న మాట ఆ తరవాత ఆమె నోట రాలేదు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అమ్మకి చెప్పుకుంది. సూర్యకాంతం సంగతంతా విని, "మానేయొచ్చు గదా తల్లీ. బడి ఉంది గదా నీకు" అంది.

"మానేస్తే నాకు రాదు కాబట్టి మానేశానంటాడు."

సూర్యకాంతం కూతురి కంచంలో చారు పోసింది. "అయితే నువ్వే ఒకటి కొనుక్కో. ఈసారి నువ్వే సూసి కొను" అంది.

బడికి వేసవి సెలవులు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బు ఉంది. కూర్మారావుకి కూడా విశాఖపట్నంలో ఏవో సామాన్లు కొనాలి. నిమ్మాడ నుంచి వచ్చిన రెండు వారాలకి ఇద్దరూ పొద్దుటి ప్యాసింజర్ ఎక్కారు. హేమలత ఒళ్ళో సంచి. అందులో అద్దం, టార్చి, ఒక స్క్రూడ్రైవర్.

త్రినాథరావు కొన్న కొట్టే వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరుకు వీధిలో మేడ మీద ఉంది. హార్మోనియాలు, తబలాలు, గోడంతా గిటార్లు. కొట్టాయన యాభై ఏళ్ళ మనిషి, కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసుకుని ఉన్నాడు. హేమలత నోరు తెరిచేలోపే కూర్మారావుతో మొదలుపెట్టాడు.

"ఏం చూపించమంటారు సార్? మీకా, పిల్లలకా?"

"నాక్కాదు. ఆవిడికి" అన్నాడు కూర్మారావు.

"మేడం నేర్చుకుంటారా? అయితే ఇదిగో, తేలికగా ఉంటుంది. లేడీస్‌కి సైజు బాగుంటుంది" అని గులాబీరంగు చిన్న గిటారు తీశాడు.

"సెమీ హాలో కావాలి" అంది హేమలత. "కిందటి నెల పలాస త్రినాథరావు గారికి ఒక ఎర్రది అమ్మారు. బిల్లులో సెమీ హాలో అని రాశారు. అది అంతా డొల్ల. అలాంటిది కాకుండా చూపించండి."

కొట్టాయన ముఖం మారింది. కళ్ళద్దాలు కిందకి దించుకుని ఆమెని మొదటిసారి సరిగ్గా చూశాడు.

"మేడం, నేను ఎవర్నీ మోసం చెయ్యలేదు. ఆయనకి రెండూ చూపించాను. ఏదో లిస్టు కూడా తెచ్చాడు. ఆ లిస్టు ప్రకారం దిమ్మ ఉన్నది ఇదీ, లేనిది ఇదీ అని చెప్పాను. ఎర్రది స్టేజి మీద కూస్తుంది, ఇంట్లోకైతేనే తీసుకోండి అని కూడా అన్నాను."

"ఆయన ఏమన్నాడు?"

"పర్లేదు, అమ్మాయి పట్టుకోడానికే, వాయించడానికి కీబోర్డు ఉంది, లైట్లలో మెరవాలి అన్నాడు. ఎర్రది రెండు వేలు తక్కువ కూడా కదా. బిల్లు మీద అలా రాయమన్నదీ ఆయనే."

నిమ్మాడలో కూస్తుందని త్రినాథరావుకి ముందే తెలుసు. కూస్తే అనడానికి ఒక మాట సిద్ధంగా ఉంచుకుని స్టేజి ఎక్కాడు. గేదె, తన్నడం, జనం నవ్వు, అన్నీ ముందే కొనుక్కుని బిల్లు రాయించుకున్నాడు. హేమలతకి చేతులు వణికాయి.

"కిందకెల్లి టీ తాగొత్తాం" అన్నాడు కూర్మారావు, ఆమె చేతులు చూసి.

కింద బడ్డీ దగ్గర ఆమె టీ పట్టుకుని నిలబడింది. "ఇప్పుడే పలాస ఎలిపోయి అడిగీద్దాం" అన్నాడు కూర్మారావు. "బిల్లు అలగ రాయమన్నాడంటే మరి అదేటి మనిషి?"

"ముందు గిటారు" అంది హేమలత. "వణికే చేతుల్తో చూస్తే తప్పు చూస్తాను. ఇంకో తప్పుడు గిటారు కొనుక్కుని పోతే, చూశారా అంటాడు." టీ పూర్తయ్యాక ఇంకొకటి చెప్పింది. అది కూడా నెమ్మదిగా తాగింది.

పైకి వచ్చాక, "దిమ్మ ఉన్నవి ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది. మూడున్నాయి. మూడూ దింపించింది.

మొదటిది నల్లగా అందంగా ఉంది. హేమలత దాన్ని తుపాకిలా ఎత్తి, ఒక కన్ను మూసి మెడ పొడుగునా చూసింది, వడ్రంగి పలక వంకర చూసినట్టు. మెడ ఒక పక్కకి మెలి తిరిగి ఉంది. "ఇది వద్దు."

"కొంచెమే కదా మేడం."

"కొంచెం మెలికని మర తిప్పి సరిచెయ్యలేరు. వంపయితే చెయ్యొచ్చు. ఇది మెలిక."

రెండోది పసుపు. మెడ తిన్నగా ఉంది. ఆమె కూర్చుని ఆరు తీగల మీదా, మెడకి అడ్డంగా బిగించిన ఇనుప మెట్ల దగ్గర ఒక్కొక్కటే నొక్కుతూ వాయించింది. కొట్టాయన వేరే గిరాకీని చూసి పంపించి వచ్చేసరికి ఆమె ఇంకా నాలుగో తీగ మీదే ఉంది. అయిదో తీగ మీద తొమ్మిదో మెట్టు దగ్గర స్వరం చచ్చిపోయి జరజరమంది. పక్క ఇనుప మెట్టు పైకి లేచి ఉంది. గోటితో తాకితే కదిలింది.

"ఇక్కడ అందరూ చూసి కొనుక్కుంటారు మేడం. ఇలా వాయించి కొన్నవాళ్ళు లేరు" అన్నాడు కొట్టాయన.

"అందుకే మీరు ఇలాంటివి అమ్ముతున్నారు" అంది హేమలత, తల ఎత్తకుండానే.

మూడోది కాఫీ రంగు. ఎవరూ ముట్టుకోనట్టు దుమ్ము పట్టి ఉంది. కింది రెక్క దగ్గర వార్నీషు కన్నీటి చారలా కారి గట్టిపడింది. ఆమె మెడ చూసింది. తిన్నగా ఉంది. మెట్లన్నీ వాయించింది. రెండుచోట్ల కాస్త జరజర వచ్చింది. బ్రిడ్జి మరలు అరచుట్టు తిప్పి తీగల్ని వెంట్రుకవాసి పైకి లేపితే పోయింది. పన్నెండో మెట్టు దగ్గర తీగని ఊరికే తాకి ఒకసారి, నొక్కి ఒకసారి వాయించింది. రెండూ ఒకే స్వరం కావాలి. మూడో తీగ నొక్కితే కొంచెం ఎక్కువ పలికింది. స్క్రూడ్రైవర్‌తో బ్రిడ్జి మీద ఆ తీగ ఆనే చిన్న గుర్రాన్ని వెనక్కి జరిపి సరిచేసింది. వాల్యూమ్ మర తిప్పితే చిటపటలాడింది. ఇరవైసార్లు అటూ ఇటూ తిప్పితే తగ్గింది. తీగలు బిగించే మరల్లో ఒకటి వదులు. దాన్ని నల్ల గిటారుదానితో మార్పించింది.

అప్పుడు టార్చి, అద్దం తీసింది. వెలుగు సగానికి వచ్చి ఆగిపోయింది. లోపల దిమ్మ అడ్డంగా ఉంది. జిగురు కారి మరకలు పడ్డాయి. ఎవరో పెన్సిలుతో గీసిన గీత కూడా చెరపకుండా వదిలేశారు. కూర్మారావు వేలి ముడితో కొట్టాడు. పక్కన ఖంగు, నడుమ టక్కు.

"ఉంది" అన్నాడు.

"పెద్ద పెట్టెకి తగిలించండి. పూర్తి సౌండు పెట్టండి" అంది హేమలత.

"మేడం, ఇది షాపు. కింద డాక్టరు గారి క్లినిక్ ఉంది."

"స్టేజి మీద వాయించీదాన్ని స్టేజిలాగే సూడాల గదా" అన్నాడు కూర్మారావు, అప్పటికే వైరు పట్టుకుని.

ఆమె స్పీకరుకి మూరెడు దూరంలో ఎదురుగా నిలబడింది. నిమ్మాడలో కూసిన స్వరాన్నే వాయించి వదిలేసింది. అది గది నిండా లేచింది. కిటికీ అద్దాలు అదిరాయి. స్వరం నిలబడింది, సన్నగా సాగింది, మెల్లగా ఆరిపోయింది. ఊళ రాలేదు. ఇంకోసారి వాయించింది. ఆ తరవాత ఒక పాట చరణం మొత్తం వాయించింది. రెండు వారాలుగా ఎవరి మీదా విసరలేకపోయినదంతా తీగల మీద పడింది. కొట్టాయన అడ్డుచెప్పడం మానేశాడు. కింద నుంచి క్లినిక్ కాంపౌండరు వచ్చి గుమ్మంలో నిలబడి, చరణం అయ్యేదాకా విని వెళ్ళిపోయాడు.

"ఎక్కడ నేర్చుకున్నారు మేడం?" అన్నాడు కొట్టాయన.

"వార్నీషు కారిపోయి ఉంది. దానికి తగ్గించండి. బిల్లు మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి" అంది హేమలత.

పలాస చేరిన నాలుగో రోజు శ్రీకాంత్ ఇంటికి వచ్చాడు. డిగ్రీ చదువుతున్న కుర్రాడు, మాట మెత్తన. టెక్కలి కార్యక్రమానికి త్రినాథరావు వేరే అమ్మాయిని పెట్టాడని చెప్పాడు. పేరు సుస్మిత. టెక్కలిలోనే ఇంటర్ అయిపోయి ఖాళీగా ఉంది. గిటారు రాదు. ఎర్రదాన్ని మెడలో వేసుకుని వేళ్ళు ఎలా కదపాలో మాత్రం రెండు రోజులు చూపించారు.

"పోస్టర్లు మార్చారా?" అని అడిగింది హేమలత.

"లేదక్కా. మీ పేరే ఉంది. దూరం నుంచి ఎవరికి తెలుస్తుందన్నారు." శ్రీకాంత్ తల దించుకున్నాడు. "ఆ రోజు నేను వాయించకుండా ఉండాల్సింది."

"ఉండాల్సింది" అంది హేమలత. అతన్ని ఊరడించాలని ఆమెకి అనిపించలేదు.

టెక్కలిలో వర్తక సంఘం వార్షికోత్సవం. బస్టాండుకి దగ్గర్లోనే స్టేజి వేశారు. బజారు పొడుగునా కరెంటు స్తంభాలకి గొట్టం మైకులు కట్టారు. సాయంత్రం నాలుగున్నరకి హేమలత గుడ్డసంచిలో కాఫీరంగు గిటారుతో బస్సు దిగింది. ప్రతి గోడ మీదా ఆమె ముఖమే ఉంది.

స్టేజి పక్కన కూర్మారావు తన పెట్టె ముందు కూర్చుని మైకులు సరిచూస్తున్నాడు. స్టేజి మీద త్రినాథరావు, శ్రీకాంత్, డ్రమ్స్ వాయించేవాళ్ళు. ఒక పక్కన మెరుపు చుడీదార్లో సన్నటి పిల్ల ఎర్ర గిటారు మోస్తూ నిలబడింది.

కూర్మారావు గొంతు తగ్గించి అన్నాడు. "ఎర్రదానికి జాకు తగిలించే ఉంచినాను పంతులమ్మా. ఉత్తుత్తికే అని ఆళ్ళకి సెప్పినాను. నువ్వు ఊఁ అంటే రాత్రి జనం నిండినాక ఈ మీట పైకి తోసీత్తాను. కూత సోంపేట దాకా ఇనబడాల. అప్పుడు తెలుత్తాది ఆయనికి."

హేమలత మీట మీద వేలు పెట్టింది. పెట్టి స్టేజి కేసి చూసింది. సుస్మిత చెమట పట్టిన చేతులు చున్నీకి తుడుచుకుంటోంది. కూత వస్తే జనం చూసేది ఆ పిల్లని. త్రినాథరావు మైకు తీసుకుని ఇంకో గేదె మాట చెప్తాడు. జనం నవ్వుతారు.

"వద్దు" అని వేలు తీసేసింది. "ఆయన మైకు మాత్రం ఆపకు."

స్టేజి మెట్లెక్కి త్రినాథరావు ముందు నిలబడింది. ఆయన చేతిలో మైకు ఉంది. ఆమెని చూసి నవ్వు తెచ్చుకున్నాడు.

"వచ్చినావా. వొత్తావని నాకు తెలుసు."

"ఎర్ర గిటారు స్టేజి మీద కూస్తుందని కొట్టాయన మీకు ముందే చెప్పాడా, లేదా?"

"ఇప్పుడా గొడవ ఎందుకు?"

"చెప్పాడా, లేదా?"

"సెప్పినాడు. అయితే ఏటి?" ఆయన విసుక్కున్నాడు. "అది పట్టుకుని నిలబడ్డానికి కొన్నాను. ఈ పిల్ల పట్టుకోనేదా? ఎవుడికి తెలుత్తాది నువ్వు వాయించినావో, కీబోర్డు వాయించిందో. జనానికి బొమ్మ కావాల."

ఆ మాటలు బజారంతా వినబడ్డాయి. గొట్టం మైకుల్లోంచి బస్టాండు దాకా వెళ్ళాయి. పళ్ళబండి దగ్గర బేరమాడుతున్న మనిషి తల తిప్పి చూశాడు. తన గొంతు తనకే ఆలస్యంగా వీధి చివర నుంచి తిరిగి వచ్చేసరికి త్రినాథరావుకి అర్థమైంది. "మైకు ఆపరా" అన్నాడు. అదీ వినబడింది. కూర్మారావు వంగి ఏదో వైరు వెతుక్కుంటున్నాడు.

"నిమ్మాడలో నా చెయ్యి తప్పని మైకులో చెప్పారు" అంది హేమలత. "తప్పు ఎవరిదో ఇప్పుడూ మైకులోనే చెప్పండి."

త్రినాథరావు ముఖం నల్లబడిపోయింది. వర్తక సంఘం అధ్యక్షుడు పాపారావు తన బట్టలకొట్లోంచి లేచి, లుంగీ సర్దుకుంటూ వచ్చాడు. పెద్ద వయసు మనిషి.

"ఏటయ్యా త్రినాథరావూ, వాయించనోళ్ళకి బయానా ఇచ్చామేటి మేము? ఆ గోడల నిండా ఉన్న అమ్మాయి ఈయమ్మే గదా. ఈయమ్మ వాయిస్తాదా, వాయించదా?"

"గిటారుది తప్పు" అన్నాడు త్రినాథరావు, మైకులోకి కాకుండా నేల కేసి.

"గిటారుది కాదు. తెలిసి కొన్నవాడిది" అంది హేమలత.

ఆయన ఆ మాట ఒప్పుకోలేదు. ఎన్నడూ ఒప్పుకోలేదు. మైకు స్టాండుకి పెట్టి పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. పాపారావు హేమలతకేసి తిరిగి, "అమ్మా, మీలో మీకు ఏటున్నా నాకు తెల్దు. నీ పేరు సూసి ఊళ్ళ నుంచి జనం వొత్తారు. వాయించు" అన్నాడు.

"నా పేరు చూసి వస్తే వాయిస్తాను. ఆయన పార్టీ మనిషిగా కాదు."

ఆ రాత్రి రెండు గంటలు వాయించింది. శ్రీకాంత్ కీబోర్డు మీద గిటారు సౌండుని ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. పెద్ద స్పీకర్ల ముందు నిలబడినా గిటారు కూయలేదు. త్రినాథరావు పాడాడు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కోపం ఆమె వేళ్ళల్లోంచి పోలేదు. రెండు పాటల్లో లయ తోసుకుంటూ ముందుకి పోయింది. డ్రమ్స్ అతను కళ్ళతో సైగ చేస్తే వెనక్కి లాగింది.

విరామంలో నీళ్ళ కోసం స్టేజి వెనక్కి వెళ్ళింది. సుస్మిత అక్కడ ఒక డబ్బా మీద కూర్చుని ఉంది. మెరుపు చున్నీ తీసి ఒళ్ళో ఉండచుట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ కోపం నీది అక్కా. మధ్యన నేనేటి సేసినాను?" అంది. "బజారంతా ఇన్నారు. ఈ పిల్ల ఊరికే పట్టుకున్నాది అని ఆయన అన్నది మా నాన్న కొట్టు కాడ కూడా ఇనబడ్డాది. రేపు నేనెలా తిరగాల?"

మీట తోసి ఉంటే ఇంతకన్నా ఘోరంగా ఉండేదని చెబుదామనుకుంది హేమలత. ఆ పిల్లకి అది ఏం ఓదార్పు? మైకు ఆపొద్దని చెప్పినప్పుడు త్రినాథరావు నోట ఏం వస్తుందో ఆలోచించింది గాని, ఆ మాటలు ఇంకెవరి మీద పడతాయో ఆలోచించలేదు.

"నీ డబ్బులు నీకు ఇప్పిస్తాను" అంది.

"డబ్బుల మాట కాదు" అంది సుస్మిత. చున్నీ తీసుకుని లేచి, డేరా వెనక నుంచి ఇంటికి వెళ్ళిపోయింది.

స్టేజి మీద పాపారావు మైకులో హేమలత పేరు పిలుస్తున్నాడు. ఆమె రెండు గుక్కలు నీళ్ళు తాగి, గిటారు మెడలో వేసుకుని, మళ్ళీ మెట్లెక్కింది.